పెన్సిల్వేనియాకు ఎన్ని చింతపిక్కలు?

2024 నవంబరు 6, బుధవారం. తెల్లవారుజామున ఐదున్నర. అమెరికా తూర్పు తీరాన కొన్ని రాష్ట్రాల్లో అప్పుడే పోలింగ్ ముగిసింది. విజయవాడలో ఇంకా గుమ్మాలకు పాలప్యాకెట్లు చేరుతున్న వేళ. గుడివాడ నుంచి తెనాలి దాకా, ఉయ్యూరు నుంచి అవనిగడ్డ దాకా టీవీలు వెలిగాయి. ఒక ఇంట్లో కొడుకు వీసా ఏమవుతుందోనన్న బెంగ, ఇంకో ఇంట్లో కూతురి గ్రీన్‌కార్డు మీద ఆశ. వేల మైళ్ల అవతల లెక్కిస్తున్న ఓట్ల కోసం ఇక్కడ కాఫీలు చల్లారిపోయాయి.

మధ్యాహ్నానికల్లా ఫలితం తేలిపోయింది. తణుకు దగ్గర వడ్లూరులో సంబరాలు జరిగాయి. ఉపాధ్యక్షుడిగా గెలిచిన జేడీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు అది. తమిళనాడులో కమలా హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురం చిన్నబోయింది. చివరికి డొనాల్డ్ ట్రంప్‌కు 312 ఎలక్టోరల్ ఓట్లు, హారిస్‌కు 226 అని లెక్క తేలింది.

గెలిచిందెవరో అందరికీ తెలుసు. ఆ 312 ఎక్కడి నుంచి వచ్చిందో ఎంతమందికి తెలుసు? కోట్లమంది వేసిన ఓట్లు 538గా ఎలా మారతాయి, 270 చేరితే చాలని ఎవరు నిర్ణయించారు, 5 లక్షల 80 వేల జనాభా ఉన్న వయోమింగ్‌కు 3 ఓట్లు దక్కితే దాదాపు 3 కోట్ల 90 లక్షల మంది ఉన్న కాలిఫోర్నియాకు 54 మాత్రమే ఎందుకు దక్కుతాయి? పిల్లల్ని అమెరికా పంపడానికి పొలాలు అమ్ముకున్న ప్రాంతం ఇది. ఆ దేశంలో అధికారం ఎలా చేతులు మారుతుందో ఇక్కడి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

దానికి ఓ మార్గం ఉంది. అమెరికా ఎన్నికలే ఇతివృత్తంగా విజయవాడ కేంద్రంగా ఒక ఆన్‌లైన్ వ్యూహక్రీడల టోర్నమెంటు పెట్టాలి. పైసా పందెం లేకుండా, ప్రవేశ రుసుము లేకుండా, హైస్కూలు, ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం పెట్టాలి. 2028 నవంబరు 7న అమెరికా మళ్లీ అధ్యక్షుణ్ని ఎన్నుకునేలోగా కృష్ణా డెల్టా పిల్లలు ఆ పటాన్ని కంఠతా పట్టేయాలి.

ఎన్నికలను ఆటగా మలచడం కొత్తేమీ కాదు. ఇంటి కంప్యూటర్లు ఇంకా అరుదైన రోజుల్లోనే, 1981లో, ప్రెసిడెంట్ ఎలెక్ట్ అనే ఆట వచ్చింది. 2004లో స్టార్‌డాక్ సంస్థ తెచ్చిన ద పొలిటికల్ మెషీన్ ఆ తర్వాత ప్రతి అధ్యక్ష ఎన్నికకూ కొత్తగా ముస్తాబై వస్తోంది. అందులో ఆటగాడు ఒక అభ్యర్థి. వారాలు గడుస్తుంటాయి. చేతిలో కొంత డబ్బు, ఒంట్లో కొంత ఓపిక. ఏ రాష్ట్రానికి వెళ్లాలి, ఎక్కడ ప్రచార కార్యాలయం తెరవాలి, ఏ ప్రకటన కొనాలి అన్నది ప్రతి వంతులోనూ తేల్చుకోవాలి. అన్నిచోట్లా అన్నీ చేయడానికి డబ్బూ చాలదు, ఓపికా చాలదు.

2007లో అట్టబల్ల మీద ఆడే ఆట ఒకటి వచ్చింది. దాని పేరే 1960. జాన్ కెన్నెడీ, రిచర్డ్ నిక్సన్‌ల పోరు మీద అల్లిన ఇద్దరి ఆట. ఆ ఏడాది ఏం జరిగిందో చూస్తే ఇది ఆటకు ఎందుకంత అనువైన కథో తెలుస్తుంది. యాభై రాష్ట్రాల్లోనూ అడుగుపెడతానని నిక్సన్ మాట ఇచ్చాడు. ఆగస్టులో మోకాలికి దెబ్బ తగిలి, అది ముదిరి, దాదాపు రెండు వారాలు ఆస్పత్రి పాలయ్యాడు. అయినా మాట తప్పలేదు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు, ఒక్క గంట కూడా వృథా చేయకూడని సమయంలో, అలాస్కాకు విమానం ఎక్కాడు. అలాస్కాకు ఉన్నవి 3 ఎలక్టోరల్ ఓట్లు. అక్కడ నెగ్గాడు కూడా. కానీ 27 ఎలక్టోరల్ ఓట్లున్న ఇల్లినాయిస్ 8,858 ఓట్ల తేడాతో కెన్నెడీ వైపు వెళ్లిపోయింది. ఇల్లినాయిస్‌తో పాటు 24 ఓట్ల టెక్సాస్‌ను కూడా నిక్సన్ పట్టుకోగలిగి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. ఇదంతా పాఠంగా చెబితే పిల్లవాడు పది నిమిషాల్లో ఆవులిస్తాడు. అదే ఆటలో ఆ విమానం టికెట్టు తన చేత్తో తాను కొంటే, జీవితాంతం మరిచిపోడు.

డెల్టాకు ఈ తరహా ఆలోచన పరాయిదేం కాదు. పులిమేక ఆట గుర్తున్నవాళ్లు ఇంకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అరుగు మీద బొగ్గుతో గీసిన త్రికోణం, ఇరవై మూడు స్థానాలు, మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాలకూ బలం ఒకటి కాదు, గెలుపు షరతూ ఒకటి కాదు. పులి దూకి మేకను తినాలి. మేకలు కలిసికట్టుగా పులికి దారి మూసేయాలి. సంఖ్య ఎక్కువ ఉన్నంత మాత్రాన మేకలు గెలవవు, ఏ మేక ఎక్కడ నిలబడిందన్నదే అసలు సంగతి. ఎలక్టోరల్ కాలేజీ, అంటే రాష్ట్రాలవారీ ఓట్లతో అధ్యక్షుణ్ని ఎన్నుకునే పద్ధతి, దాని కిటుకు కూడా సరిగ్గా ఇదే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కన్నా 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. అయినా ఓడిపోయారు. ఆమె అభ్యర్థిగా ఖరారయ్యాక ఒక్కసారి కూడా ప్రచారానికి వెళ్లని విస్కాన్సిన్ 22,748 ఓట్ల తేడాతో చేజారింది.

ఖరీదైన కంప్యూటర్లు, గేమింగ్ యంత్రాలు లేకుండా ఇంత వ్యూహాన్ని పిల్లల చేతికి ఎలా ఇవ్వాలి? ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బొరెల్ 1921లోనే దారి చూపించాడు. ఇద్దరు ప్రత్యర్థులు, ఇద్దరి దగ్గరా సమానమైన బలగం, కొన్ని రణక్షేత్రాలు. ఎక్కడ ఎంత బలగం పెట్టాలో ఇద్దరూ రహస్యంగా రాసుకుంటారు. ఒక్కో క్షేత్రంలో ఎవరిది ఎక్కువైతే అది వాళ్లది. తర్వాతి రోజుల్లో గణితవేత్తలు దీన్ని కల్నల్ బ్లాటో ఆట అన్నారు. ఎన్నికల వ్యూహాలను విశ్లేషించేవాళ్లు ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు.

దీన్ని మన చింతపిక్కల్లోకి మార్చుకుందాం. 2024లో అటూ ఇటూ ఊగిన రాష్ట్రాలు ఏడు. పెన్సిల్వేనియాకు 19 ఓట్లు, జార్జియాకు 16, నార్త్ కరోలినాకు 16, మిషిగన్‌కు 15, అరిజోనాకు 11, విస్కాన్సిన్‌కు 10, నెవాడాకు 6. మొత్తం 93. మిగతా దేశంలో హారిస్‌కు 226, ట్రంప్‌కు 219 దక్కాయి. అంటే 270 చేరాలంటే డెమోక్రాట్ల పక్షాన ఆడేవారికి ఆ 93లో 44 కావాలి, రిపబ్లికన్ల పక్షాన ఆడేవారికి 51 కావాలి. ఇద్దరికీ చెరి వంద చింతపిక్కలు. ఎవరికి వారు ఏడు రాష్ట్రాలకు పంచి రాసి, ఒకేసారి బయటపెట్టాలి. చేతిలో మామూలు ఫోను ఉంటే చాలు.

ఒక్క ఆట నడిపి చూద్దాం. రిపబ్లికన్ పక్షం తీసుకున్న అమ్మాయికి ఒక లెక్క తట్టింది. పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినా కలిస్తే సరిగ్గా 51. ఇంకేం కావాలి? పెన్సిల్వేనియాకు 40 పిక్కలు, తక్కిన రెండింటికీ చెరి 30. డెమోక్రాట్ పక్షం కుర్రాడికీ లెక్క తట్టింది. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ కలిస్తే సరిగ్గా 44. అతను పెన్సిల్వేనియాకు 41, మిషిగన్‌కు 30, విస్కాన్సిన్‌కు 29 పెట్టాడు. చీటీలు తెరిచారు. ఒకే ఒక్క చింతపిక్కతో పెన్సిల్వేనియా అతని వశమైంది. 270 చేరాడు. అరిజోనా, నెవాడాల్లో ఇద్దరూ సున్నాయే. ఆ రెండూ ఆమెకే ఇచ్చేసినా 268 దగ్గర ఆగిపోతుంది.

రెండో ఆటకు ఆ అమ్మాయి అయిదు నిమిషాలు ఆలోచించింది. అందరూ కొట్టుకునే పెన్సిల్వేనియాను పూర్తిగా వదిలేసింది. జార్జియాకు 25, నార్త్ కరోలినాకు 25, అరిజోనాకు 15, విస్కాన్సిన్‌కు 35. కుర్రాడు గెలిచిన ఎత్తే మళ్లీ వేశాడు. పెన్సిల్వేనియాలో అతను గుమ్మరించిన 41 పిక్కలకు ఎదురే లేదు, కాబట్టి వాటిలో 40 వృథా. విస్కాన్సిన్‌లో 29 మీద 35 గెలిచింది. ఆమెకు 272.

పది నిమిషాల్లో ఇద్దరు పిల్లలు నేర్చుకున్నదేమిటి? గెలిచిన వ్యూహం ప్రత్యర్థికి తెలిసిపోయాక అదే బలహీనత అవుతుందని, ఒకచోట కుప్పపోసిన ఓట్లకు విలువ తగ్గిపోతుందని. పడిన ఓట్లన్నీ ఫలితంగా మారవన్న సంగతి మన రాష్ట్రంలోనూ రెండుసార్లు రుజువైంది. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతానికి కాస్త పైగా ఓట్లొచ్చాయి, 175లో 23 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతానికి కాస్త పైగానే వచ్చాయి, దక్కినవి 11 సీట్లు. ప్రతి పదిమందిలో నలుగురు వేసిన ఓట్లు సీట్లుగా ఎందుకు మారలేదని అడిగితే ఏ పార్టీ అభిమానైనా ఏవో కారణాలు చెబుతాడు. లెక్కింపు నియమం దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లరు. ఇక ఒక్క ఓటుకు విలువెంత అంటారా? 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా అమెరికా అధ్యక్షుణ్ని తేల్చింది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో ఎమ్మెల్యేను తేల్చిన తేడా 25. ఒక అపార్టుమెంటులో నాలుగైదు కుటుంబాల ఓట్లు అవి.

అలాంటప్పుడు మన ఎన్నికల మీదే ఆట పెట్టొచ్చు కదా, అమెరికా ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన ఎన్నికల ఆట అనగానే పార్టీల పేర్లు వస్తాయి, వాటి వెనుక కులం వస్తుంది, ఇంటి గొడవలు వస్తాయి. రెండో రౌండు కూడా పూర్తికాకముందే ఆట కాస్తా జగడమవుతుంది. మిషిగన్ కోసం విజయవాడలో ఎవరూ చొక్కాలు పట్టుకోరు. దూరంగా ఉన్న పటం మీద బుర్ర చల్లగా పనిచేస్తుంది. నియమం అలా ఒంటబట్టాక, ఆ కళ్లతోనే మన 175 స్థానాల పటాన్ని చూడొచ్చు. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిపారు. సభ ఎలా నడుస్తుందో పిల్లలు చూశారు. ఆ సభలోకి మనుషులు ఎలా వస్తారో ఈ ఆట చూపిస్తుంది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న వాళ్లు రాష్ట్రంలో తమ తొలి అసెంబ్లీ ఓటు 2029లో వేస్తారు.

అసలు భయం పందెం గురించి. ఎన్నికలు, ఆన్‌లైన్, విజయవాడ అనే మూడు మాటలు ఒకచోట కలిస్తే తల్లిదండ్రుల గుండె ఝల్లుమనడంలో తప్పులేదు. 2024 మే 13న పోలింగ్ జరిగింది, జూన్ 4న లెక్కింపు. ఆ మూడు వారాలూ గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఎన్ని పందేలు కాశారో పత్రికలు చదివినవారికి గుర్తే. అమెరికా ఎన్నికల మీదా అదే జాడ్యం. 2024 అధ్యక్ష ఎన్నిక మీద పాలీమార్కెట్ అనే ఒక్క వేదికలోనే 300 కోట్ల డాలర్లకు మించి చేతులు మారాయి. పందెం కాసినవాడికి ఎవరు గెలుస్తారన్న ఆత్రమే ఉంటుంది. ఎలా గెలుస్తారన్న కుతూహలాన్ని ఆ ఆత్రం చంపేస్తుంది. టోర్నమెంటు ఉద్దేశానికి ఇంతకు మించిన శత్రువు లేదు.

చట్టం కూడా ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకా ముందుకెళ్లింది. డబ్బు పెట్టి డబ్బు గెలవాలన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యానిదైనా, అదృష్టానిదైనా నిషిద్ధమే. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బుతో పనిలేని ఆటలను వేరుగా గుర్తించి ప్రోత్సహిస్తానంటోంది. కాబట్టి నిర్వాహకులు పెట్టుకోవాల్సిన గీత ఒక్కటే: ఆటగాడి జేబులోంచి రూపాయి రాకూడదు, ఆట వల్ల జేబులోకి రూపాయి పోకూడదు. బహుమతిగా పుస్తకాలు, చదరంగం గడియారాలు, ఒక కప్పు. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

నిర్వహణలో ఇంకో కష్టం ఉంది. ఆన్‌లైన్ ఆటలో నెట్ పోతే ఎవరు ఓడినట్టు? 2020 ఆగస్టు 30న ఫిడే ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్లో భారత్, రష్యా తలపడ్డాయి. నడి ఆటలో కనెక్షన్ తెగి నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ సమయం మించి ఓడిపోయారు. తొలుత రష్యాను విజేతగా ప్రకటించారు. భారత్ అప్పీలు చేశాక రెండు దేశాలనూ సంయుక్త విజేతలన్నారు. ఫిడే వంటి అంతర్జాతీయ సమాఖ్యకే తప్పని తలనొప్పి ఇది. అలాంటిది వానల కాలంలో డెల్టా పల్లెల్లో ఆడే పిల్లల మాటేమిటి? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫోను ఛార్జింగే గగనమైంది. అందుకే పోటీలు డిసెంబరులో పెట్టాలి. చీటీ చేరడానికి పది నిమిషాల గడువు ఉండాలి. కనెక్షన్ తెగితే ఆ ఆట మళ్లీ మొదటినుంచి ఆడాలి. ఒక్క ఓటమితో ఎవరూ ఇంటికి వెళ్లకుండా, చదరంగం పోటీల్లో వాడే స్విస్ పద్ధతి పాటించాలి. 32 జట్లకు అయిదు రౌండ్లు చాలు. రెండు శనివారాల పని.

జట్టు కూర్పులోనే అసలు అందం ఉంది. ఒక జట్టుకు ఇద్దరు: ఇక్కడి పిల్లల్లో ఒకరు, అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో ఒకరు. డిసెంబరులో ఇక్కడ శనివారం రాత్రి ఏడున్నర అయితే న్యూజెర్సీలో ఉదయం తొమ్మిది. అక్కడి తెలుగు పిల్లలకు ఫిలడెల్ఫియా శివార్లలో ఎవరు ఎలా ఓటేస్తారో తెలుసు. ఇక్కడివాళ్లకు లెక్కల మీద పట్టు ఉంది. ఏ చింతపిక్క ఎక్కడ పెట్టాలో ఇద్దరూ తెలుగులో వాదించుకోవాలి. సెలవుల్లో వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక ఫోన్లలో తలదూర్చే పెదనాన్న పిల్లలు, బాబాయి పిల్లలు ఇలాగైనా ఒక మాట కలుపుతారు.

దీన్ని ఎత్తుకోవాల్సింది గ్రంథాలయాలే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే, రామమోహన గ్రంథాలయం ఆతిథ్యంలో, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపారు. రేవు దగ్గర పడవ ఆగితే పుస్తకం కోసం జనం దిగివచ్చేవారు. నాడు కాలువ చేసిన పని నేడు ఫోను చేయగలదు. ఇంట్లో నెట్ సరిగా లేని పిల్లల కోసం శాఖా గ్రంథాలయంలో నాలుగు కుర్చీలు, ఒక కనెక్షన్, రాజనీతిశాస్త్రమో గణితమో చెప్పే ఒక మాస్టారు రిఫరీగా ఉంటే చాలు. ఫైనల్‌ను జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో, పెద్ద తెర మీద, జనం ముందు జరపాలి.

ఆడపిల్లలు వస్తారా అన్న సందేహం ఈ ప్రాంతానికి అక్కర్లేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి చదరంగం నేర్పింది తండ్రి అశోక్. అదే 2020 ఆన్‌లైన్ ఒలింపియాడ్ సెమీఫైనల్లో పోలండ్‌పై భారత్‌ను గట్టెక్కించిన చివరి ఆట హంపిదే. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యేనాటికి ఆమెకు 37 ఏళ్లు. వ్యూహం ఈ నేలకు కొత్త కాదు.

2028లోనూ ఏడు రాష్ట్రాల ఓట్ల సంఖ్యలు మారవు. తదుపరి జనగణన దాకా పెన్సిల్వేనియాకు 19, నెవాడాకు 6. ఇప్పుడు నేర్చుకున్న పటం అప్పటికీ పనికొస్తుంది. ఆ నవంబరు 8, బుధవారం తెల్లవారుజామున ఐదున్నరకు డెల్టాలో టీవీలు మళ్లీ వెలుగుతాయి. "ఎవరు గెలుస్తున్నార్రా?" అని తాతయ్య అడుగుతాడు. పక్కన పదో తరగతి మనవరాలు ఒక కాగితం మీద ఏడు పేర్లు రాసుకుని, ఒక్కోదానికి ఎదురుగా అంకె వేసుకుని కూర్చుని ఉంటుంది. "ఆగు తాతయ్యా, జార్జియా తేలాలి. అది పోతే వీళ్లకి ఇంకా రెండు దారులున్నాయి" అంటూ కాగితం ఆయన వైపు తిప్పుతుంది.